అడుగు కలపని నడక

అప్పటికి మా మార్కాపురం కర్నూలు జిల్లా.
పలకల గనిలో మా ఓబద్యా మామ
రెండు వెదురు బొంగులకు గోనెపట్టా కట్టి
ముందొకడు వెనకొకడుగా
పొరలు పొరల రాయి మోసేవాడు.
పగిలిన పలకకు కూలి కోత.
అందుకే ఆ నడక.

"అడుగులు కలిపితే పట్టా ఊగుతాది.
ముందరోడు ఎడమ కాలేస్తే
ఎనకోడు కుడి కాలెయ్యాల."
పదేళ్లప్పుడు నాకూ నేర్పాడు.
పటాలంలో చేరిన కొత్తలో
నలుగురితో అడుగు కలపలేక
ఆర్నెల్లు తిట్లు తిన్నాడట.
స్ట్రెచర్ చేతికిచ్చాకగానీ
హవల్దారు నోరు మూయలేదట.

దేశానికి అప్పుడు మూడేళ్లు.
రేషను జొన్నల్లో సగం మట్టి.
ఎవరిదో యుద్ధానికి సిపాయిల్ని పంపననింది,
ఒక ఆస్పత్రిని పంపుతాననింది.
గుడారాలు, కత్తెరలు, ఈథరు సీసాలు,
మూడొందల చిల్లర మనుషులు,
వాళ్లలో, గుమాస్తాకు నోరు తిరగక
ఓబయ్యగా రాయించుకున్న మా మామ.

స్టేషన్ దగ్గర కాఫీ హోటల్లో
పేపరు చదివించుకుని బండి చెంచయ్య అన్నాడట:
"మనకు కాన్పు కష్టమైతే
ఒంగోలు దాకా రెండు దినాల బండి.
మనోళ్లేమో ఆస్పత్రినే ఓడెక్కించారు."
ఎవరూ నవ్వలేదట.

నేను పుట్టింది ఆ బండిలోనే.
కొనకనమిట్ల దాటాక,
పొదిలి దీపాలు కనపడక ముందే
మా అమ్మ సలోమి చల్లబడింది.
గతుకుల దారి. ఎద్దులు రెండూ
ఒకే అడుగు వేశాయని చెంచయ్య
చచ్చేదాకా వాటినే తిట్టాడు.

మామ తెచ్చుకున్న రేకు పెట్టెలో కాగితాలున్నాయి.
పెద్దయ్యాక తారీఖులు సరిచూశాను.
అదే వారం అక్కడ
కొండలు తెల్లగా బిగుసుకుపోయి,
నెత్తురు సీసా గడ్డకట్టకుండా
చంకలో పెట్టుకుని పడుకునేవాడట
గుడ్ల మీద కోడిపెట్టలాగా.
"ఎవరి నెత్తురు మామా?"
"సీసా మీద ఇంగిలీషు. నాకేం తెలుస్తాది?"

ఒక కుర్రాడు.
ఏ పక్షమో బట్టల బురదలో తెలియలేదు.
కొండ దిగేదాకా ఒకే మాట పిలిచాడట,
దుబాసీ అక్కర్లేని మాట.
"ఏం మాట మామా?"
మామ బీడీ ఆర్పాడు.
మళ్లీ ముట్టించుకున్నాడు.
నా ముందు ఆ మాట అనలేదు,
ఆ రోజే కాదు, ఏ రోజూ.

నాకు కోపం ఉండేది. దాచను.
నా తొలి కాన్పుకు గవర్నమెంటు ఆస్పత్రిలో
ఫినాయిలు వాసన పీల్చిన రాత్రి
అది ఇంకా పెరిగింది.
ఒకసారి కంచం ముందు అడిగేశాను:
"మీ అక్క బండిలో ఊగుతుంటే
నీ చేతులు ఎవర్ని మోశాయి?"

ముద్ద కలుపుతూనే ఉన్నాడు చాలాసేపు.
"నేను ముందరోణ్ణి.
మొఖం కనపడేది ఎనకోడికి.
నాకు బరువే తెలిసేది."
నీళ్లు తాగాడు.
"ఒకనాడు రాత్రి మోసిన బరువు
అచ్చం అక్కంత."

క్షమించానని రాయను.
పలక మీద రాసింది
ఉమ్మి తుడిస్తే పోతుంది,
రాయి అట్లాగే ఉంటుంది.

మామ పోయిన రోజు
పెట్టె ఎత్తిన నలుగురు కుర్రాళ్లు
బ్యాండు దరువుకు బుద్ధిగా అడుగు కలిపారు.
పెట్టె ఊగింది.
లోపల ఆయన తల
ఇటు తగిలి అటు తగలడం నాకు వినిపించింది,
వినిపించలేదంటారు మా వాళ్లు.

"విడగొట్టండ్రా అడుగు!"
పాట ఆగింది. పాస్టరు తిరిగి చూశాడు.
ముసలమ్మకు పిచ్చెత్తిందని
వెనక ఎవరో అన్నారు.

ముందు పట్టుకున్న చెంచయ్య మనవడు
ఒక్క క్షణం నిలబడి,
ఏడుస్తూనే
కాలు మార్చుకున్నాడు.